మేకపాలు, గరిటె, బూజు

మేకపాలతో చీజ్ చేయడం మధ్యధరా తీరమంతటా ఉన్నదే. ఆ పనిని ఊరికొక తీరుగా మలచుకుని నిలబెట్టుకున్న ప్రాంతం మాత్రం ఫ్రాన్స్ నడుమ, లువార్ నది, దాని ఉపనదులు పారే లోయల్లో ఉంది. తూరెన్‌లో సాంత్ మోర్ చీజ్ జానెడు పొడుగున, బూడిద పూసుకుని, గుండ్రటి కర్రముక్కలా ఉంటుంది. వలాన్సే చీజ్ కొన తెగిన పిరమిడ్. పూలిన్యీ సాం ప్యేర్‌ది అంతకంటే సన్నని, ఎత్తైన పిరమిడ్. సెల్ సుర్ షేర్‌లో మందపాటి బిళ్ల చేస్తారు. షవిన్యోల్‌లో అరచేతిలో ఇమిడే చిన్న ముద్ద, పువాతూలో షబిషు అనే పొట్టి పీపా. ఇంత తేడా ఉన్న ఊళ్లన్నీ కారులో ఒక రోజులో చుట్టిరాగలిగినంత దగ్గర. పాలు ఒకటే, పద్ధతి దాదాపు ఒకటే. అచ్చు మారితే చీజ్‌లోని తేమ మారుతుంది, ఆరే వేగం మారుతుంది, బూజు పట్టే తీరు మారుతుంది. కాబట్టి ఆకారం ఇక్కడ అలంకారం కోసం పుట్టింది కాదు.

వీటిని చేసేవాళ్లు రెండు రకాలు. ఊళ్లవెంట పాలు సేకరించి చేసే డెయిరీలు ఒక రకం. సొంత మంద పాలను సొంత పెరట్లోనే చీజ్‌గా మార్చే రైతులు రెండో రకం. ఈ రెండో రకానికి ఫ్రెంచి చట్టంలో ప్రత్యేకమైన హోదా ఉంది. తన పొలంలో పితికిన పాలను తప్ప ఇతరుల పాలను వాడకుండా, అక్కడికక్కడే, సంప్రదాయ పద్ధతిలో చేసినదాన్నే రైతు చీజ్ అనాలి. పూలిన్యీ చీజ్‌కు రైతుదైతే ఆకుపచ్చ చీటీ, డెయిరీదైతే ఎర్ర చీటీ అంటిస్తారు. ఈ వ్యాసానికి విషయం ఆకుపచ్చ చీటీ మనుషుల పని. అది చిన్నదిగా ఎందుకుంటుందో తెలుసుకోవడానికి వాళ్ల ఆదర్శాలను అడగనక్కర్లేదు. మేక ఈనే కాలం, పాల సున్నితత్వం, గడ్డ తీరు చూస్తే చాలా మేరకు తెలిసిపోతుంది.

మేకలు ఆ దేశానికి ఎలా వచ్చాయో ఒక కథ చెబుతారు. 732లో పువాతియే దగ్గర ఓడిపోయి వెనుదిరిగిన అరబ్బు సైన్యం వెంట తెచ్చుకున్న మేకలను వదిలిపోయిందట, పువాతూ ఆడవాళ్లకు చీజ్ చేయడం అలా వచ్చిందట. కథ బాగుంది. ఆ సైన్యం పుట్టకముందు కొన్ని వేల ఏళ్ల నుంచీ, కొత్త రాతియుగపు రైతుల కాలం నుంచీ, ఆ నేల మీద మేకలు ఉన్నాయి. నిజం ఇంత రంగుగా ఉండదు. ఆవును మేపడానికి పచ్చిక కావాలి, పచ్చికకు సొంత భూమి కావాలి. మేకకు కంచె పక్క ముళ్లకంప, బాట వెంట గడ్డి చాలు. అందుకే ఫ్రెంచి పల్లెల్లో దానికి పేదవాడి ఆవు అని పేరు వచ్చింది. షవిన్యోల్ ద్రాక్షతోటల ఊరు. మగవాళ్లు తోటల్లో ఉంటే నాలుగైదు మేకల్ని చూసుకోవడం, పాలు తోడుపెట్టడం, మిగిలిన చీజ్‌ను సంతకు తీసుకెళ్లడం ఆడవాళ్ల వంతు. 19వ శతాబ్ది రెండో సగంలో ఫిలాక్సెరా పురుగు ద్రాక్ష వేళ్లను తినేసి తోటలకు తోటలు ఎండగట్టినప్పుడు పశ్చిమ ఫ్రాన్స్‌లో చాలామంది రైతులు పాడికి మళ్లారు. మేకకు ఇంటి వెనక నుంచి ముందుకు రావడానికి అప్పుడు దారి దొరికింది. అంతకుముందు దాని మీద వచ్చే డబ్బును ఎవరూ లెక్కల్లో రాసుకున్నట్టు కనిపించదు. ఆడవాళ్ల పనికి అది మామూలే.

మేక పాలిచ్చే కాలం దాని చేతిలోనే ఉంటుంది. సమశీతోష్ణ దేశాల్లో పగటిపొద్దు తగ్గుతున్నప్పుడే మేక ఎదకు వస్తుంది. వేసవి చివరి నుంచి శరదృతువు దాకా పోతు కలిస్తే, 150 రోజుల చూలు తర్వాత శీతకాలం చివర ఈనుతుంది. ఆ తర్వాత సుమారు పది నెలలు పాలు. మళ్లీ ఈనడానికి రెండు నెలల ముందు పాలు ఆపేసి వట్టిపోనిస్తారు. మంద మొత్తం ఒకే కాలంలో ఎదకు వస్తుంది కాబట్టి మొత్తం ఒకే కాలంలో వట్టిపోతుంది. అందువల్ల పాత పద్ధతిలో చీజ్‌కు వసంతం నుంచి శరత్తు దాకానే కాలం. క్రిస్మస్ బల్ల మీదికి మేక చీజ్ అడిగే పట్నంవాడి కోరిక తీర్చాలంటే సగం మందను వేళ తప్పించి ఈనించాలి. కొట్టంలో రాత్రిళ్లు దీపాలు వెలిగించి పొద్దు పొడుగైందని మేకను నమ్మించి, ఆ తర్వాత దీపాలు ఆర్పేసి, పొద్దు తగ్గుతోందని మళ్లీ నమ్మించి, వసంతంలో ఎదకు తెస్తారు. పెద్ద మందలు దాదాపు అన్నీ ఈ పని చేస్తాయి. చిన్న మందల వాళ్లలో చాలామంది చేయరు. ఏడాదిలో రెండు నెలలు పాలు పితకని పొద్దులు దొరకడం వాళ్లకు డబ్బు కంటే విలువైనది. రోజుకు రెండుసార్లు, పండగైనా జబ్బైనా, పొదుగు దగ్గర కూర్చోవాల్సిన మనిషి మాత్రమే ఆ లెక్క వేయగలడు.

ఈనడంతో పాలు వస్తాయి, పాలతో పాటు పిల్లలూ వస్తాయి. ఆ పిల్లల్లో సగం పోతులు. చీజ్ గురించిన అందమైన పుస్తకాలు చప్పున దాటేసే పేజీ ఇదే. పాలు అమ్ముకునే మందకు పోతుపిల్లతో పని లేదు. ఈస్టర్ పండగకు కొద్దిగా గిరాకీ ఉంటుంది. మిగతావి పుట్టిన కొద్దిరోజులకే, వాటిని సాకిన ఖర్చు కూడా రాని ధరకు, పెంపకందార్లకు వెళ్లిపోతాయి. దీనికి విరుగుడుగా కొందరు మేకను ఏటా కట్టించకుండా రెండేళ్లు, ఒక్కోసారి అంతకు మించి, ఆపకుండా పితుకుతారు. పాలు కొంత తగ్గుతాయి, అనవసరమైన పిల్లలు పుట్టరు. తెలుగు పల్లెల్లో ఈ లెక్క పూర్తిగా తిరగబడి ఉంటుంది. ఇక్కడ మేకను పెంచేదే పోతు కోసం. బోనాలకో జాతరకో పోతు పలికే ధర ముందు, పొదుగులో ఉన్న పాలకు లెక్కేలేదు. అవి పిల్ల తాగడానికే.

ఫ్రెంచి మందల్లో ఎక్కువగా కనిపించేవి రెండు జాతులు: గోధుమరంగు ఆల్పైన్, తెల్లటి సానెన్. రెండూ ఆల్ప్స్ కొండల నుంచి వచ్చినవే. పువాతూకు సొంతమైన పువత్‌విన్ మేక, నల్లగా పొడుగు బొచ్చుతో, తెల్లటి పొట్టతో చూడముచ్చటగా ఉండేది, పాలు తక్కువన్న నేరానికి వెనకబడి ఇప్పుడు పనిగట్టుకుని కాపాడేవాళ్ల దయ మీద బతుకుతోంది. మంచి ఆల్పైన్ మేక రోజుకు మూడు లీటర్ల దాకా ఇస్తుంది. పాలలో వెన్న మూడున్నర శాతం దగ్గర ఉంటుంది. ఆరేడు శాతం వెన్న ఉన్న గేదెపాలు అలవాటైన నాలుకకు ఇవి పలచన. ఈనిన కొత్తలో చిక్కగా ఉండి, వేసవి నడుమ బాగా పలచబడి, శరత్తులో మళ్లీ చిక్కనవుతాయి. ఒకే చేత్తో చేసిన చీజ్ జూలైలో ఒకలా, అక్టోబరులో ఒకలా ఉండటానికి ఇది ఒక కారణం. వేసవిలో అదే పాలకు తక్కువ చీజ్ వస్తే కొత్తగా పనిలోకి దిగినవాళ్లు తమ చేతిని అనుమానిస్తారు. తప్పు క్యాలెండరుది.

మేకపాలు తెల్లగా ఉంటాయి, చీజ్ ఇంకా తెల్లగా ఉంటుంది. గడ్డిలోని పసుపుపచ్చ కెరోటిన్‌ను మేక దాదాపు మొత్తం విటమిన్ ఎగా మార్చేసుకుంటుంది కాబట్టి ఆవువెన్నలో కనిపించే పసుపు ఇందులో కనిపించదు. వెన్న బిందువులు చిన్నవి. వాటిని ఒకచోట చేర్చి పైకి తేల్చే పదార్థం ఆవుపాలలో ఉంటుంది, ఇందులో లేదు. అందుకే మీగడ చాలా నిదానంగా కడుతుంది. గంటల తరబడి కదలకుండా తోడుకునే చీజ్‌కు ఇది వరం, ఎందుకంటే పైన మీగడ, కింద పలచన అని గడ్డ రెండుగా విడిపోదు. అయితే ఇవే బిందువులు మోటు చేతులకు లొంగవు. పాలను పంపుతో బలంగా తోసినా, ఎత్తు నుంచి పోసి నురగ తెప్పించినా, వాటి పైపొర చిట్లి లోపలి కొవ్వు విడిపోయి ఆమ్లాలుగా మారుతుంది. వాటిలో మూడు ఆమ్లాలకు శాస్త్రజ్ఞులు మేక పేరే పెట్టారు: కాప్రొయిక్, కాప్రిలిక్, కాప్రిక్. కొద్దిగా ఉంటే అవే మేక చీజ్ రుచి. మోతాదు మించితే, అది నచ్చదని జనం చెప్పే ఘాటు వాసన. మేకపాలు వాసన వేస్తాయన్న అపవాదులో సగం పాలను బాదిన మనిషి వల్ల వచ్చింది. మిగతా సగం పోతు వల్ల. ఎదకాలంలో పోతు ఒంటి నుంచి వచ్చే వాసన పాలకు ఇట్టే పట్టుకుంటుందని పెద్దల మాట. దాన్ని పాలు పితికే చోటికి దూరంగా కట్టేస్తారు. పితికిన పాలు పక్కగదిలోని పాత్రలోకి వాటంతటవే పారేలా గదుల్ని ఏటవాలు నేల మీద కట్టుకున్నవాళ్లు ఉన్నారు. పంపు కొనే ఖర్చు తప్పుతుంది, పాలకు దెబ్బ తగలదు.

కొన్ని మేకల పాలు గట్టిగా తోడుకుంటాయి, కొన్నిటివి ఎంతసేపు ఉంచినా జావగా ఉంటాయి. పాత మనుషులు దీన్ని మేక గుణం అనుకుని ఊరుకునేవారు. 1980ల్లో ఫ్రెంచి వ్యవసాయ పరిశోధన సంస్థ ఐఎన్‌ఆర్‌ఏలో కేసీన్ ప్రోటీన్ల మీద చేసిన పనితో అది జన్యువుల సంగతి అని తేలింది. ఆల్ఫా ఎస్1 అనే కేసీన్‌ను తయారుచేసే జన్యువు మేకల్లో ఒకటి కంటే ఎక్కువ రూపాల్లో ఉంటుంది. కొన్ని రూపాలు ఆ ప్రోటీన్‌ను పుష్కలంగా, కొన్ని స్వల్పంగా తయారుచేస్తాయి. అప్పటి నుంచి పోతులను ఎంచేటప్పుడు ఈ పరీక్ష కూడా చూస్తున్నారు.

ఇక తోడు పెట్టడం. లువార్ పద్ధతిలో పాలను మరిగించరు. పితికిన వేడి తగ్గించి 20 డిగ్రీల దగ్గర ఉంచుతారు. నిన్నటి గడ్డ మీద తేలిన తేటలోంచి కొంత తీసి ఈ రోజు పాలలో కలుపుతారు. తెలుగింట్లో రాత్రిపూట నిన్నటి పెరుగుతో పాలు తోడువేసే పనే ఇది, రెండిటి వెనకా ఉన్నది పులుపు చేసే సూక్ష్మజీవుల వంశమే. తేడా రెండు చోట్ల. లువార్‌లో వేడి తక్కువ, అందుకే నిదానం ఎక్కువ. రెండోది రెన్నెట్. పాలు తాగే మేకపిల్ల పొట్టలో పాలను విరిచే ఎంజైమే రెన్నెట్. నూరు లీటర్ల పాలకు 5 నుంచి 10 మిల్లీలీటర్లు మాత్రమే వేస్తారు. గట్టి చీజ్‌లకు వేసేదానిలో ఇది మూడో వంతో ఇంకా తక్కువో. గడ్డను కట్టించేది ప్రధానంగా పులుపే. రెన్నెట్ చేసేదల్లా ఆ గడ్డకు కొంచెం బిగువునిచ్చి తేట సులువుగా వదిలేలా చేయడం. ఇప్పుడు బూజు నుంచి తీసిన శాకాహార రెన్నెట్ దొరుకుతోంది, భారతదేశంలో చీజ్ చేసేవాళ్లు ఎక్కువగా అదే వాడతారు. కానీ సాంత్ మోర్ వంటి సంప్రదాయ చీజ్‌లను చేసేవాళ్లు జంతువు నుంచి తీసినదాన్నే అంటిపెట్టుకుని ఉన్నారు.

ఆ తర్వాత 18 నుంచి 24 గంటలు ఆ పాత్రను ముట్టుకోకూడదు. కదిపితే గడ్డ విరుగుతుంది. గది చల్లబడితే పులుపు ఎక్కక గడ్డ కారుతుంది, వేడెక్కితే పులుపు మించి గడ్డ సున్నంలా పొడిబారుతుంది. మర్నాడు చూసే గుర్తులు మూడు. పైన వేలెడు మందాన తేట నిలవాలి. గడ్డ పాత్ర అంచుల నుంచి కాస్త ఎడమవ్వాలి. వేలు గుచ్చి ఎత్తితే శుభ్రంగా చీలాలి. గడ్డ పైకి తేలి స్పాంజిలా బుడగలు కట్టి ఉంటే కొలిఫారమ్ సూక్ష్మజీవులు చేరాయని అర్థం. పితికే చేతులో, పొదుగో, పైపులో ఎక్కడో శుభ్రత తప్పింది. ఆ రోజు పాలు పందులకు. చీజ్ చేసేవాళ్లకు ఇంతకంటే స్పష్టంగా లోపం చెప్పే ఇన్‌స్పెక్టరు ఎవరూ లేరు.

గడ్డ తీరు బాగుంటే గరిటె చేతికి వస్తుంది. చిల్లుల అచ్చుల్లోకి గడ్డను పొరలు పొరలుగా, పలచటి పలకలు విరగకుండా జార్చాలి. అచ్చు నిండేదాకా నింపి వదిలితే గంటలో సగానికి దిగుతుంది, మళ్లీ నింపాలి. సాంత్ మోర్ అచ్చుకు సుమారు రెండు లీటర్ల పాల గడ్డ పడుతుంది. ఆరాక మిగిలేది 250 గ్రాములు. పంపుతో తోసి నింపే యంత్రాలు ఉన్నాయి. ఈ గడ్డకు బలం లేదు కాబట్టి పంపులో నలిగి చిన్న రవ్వలై అచ్చు చిల్లుల్లోంచి కారిపోతుంది, మిగిలింది బిరుసుగా తేలుతుంది. అందుకని పెద్ద డెయిరీలు గడ్డను ముందే సంచుల్లో వడగట్టి, గట్టిపడ్డాక అచ్చుల్లోకి నొక్కుతాయి. షవిన్యోల్‌లో మాత్రం చేత్తో చేసేవాళ్లు కూడా గుడ్డలో ముందు వడగట్టే పద్ధతినే పాటిస్తారు. ఆ ముద్ద గట్టితనం అక్కణ్నుంచే వస్తుంది. ఏది సరైన పద్ధతి అన్న ప్రశ్నకు ఒక్కో ఊరు ఒక్కో జవాబు ఇచ్చుకుంది, పక్క ఊరి జవాబును పెద్దగా గౌరవించదు.

అచ్చులో ఒక రోజు తేట కారాక ఉప్పు. కొందరు పొడి ఉప్పు చల్లుతారు, కొందరు ఉప్పుతో కలిపిన బొగ్గుపొడి చల్లుతారు. పాతకాలంలో ద్రాక్షతీగల కత్తిరింపులు కాల్చిన బూడిద వాడేవారు. చూడటానికి అలంకారంలా ఉన్నా, బూడిదకు చేయాల్సిన పని ఉంది. అది పైపొర పులుపును తగ్గిస్తుంది, తడిని పీల్చుకుంటుంది, మంచి బూజు త్వరగా కుదురుకునేలా చూస్తుంది. సాంత్ మోర్ నడుమ గుచ్చే రై గడ్డి పుల్ల కూడా మొదట మరమ్మతు కోసమే. పొడుగాటి మెత్తటి చీజ్ ఎత్తితే విరుగుతుంది కాబట్టి వెన్నులా ఒక పుల్ల. 1990లో ఈ చీజ్‌కు, పుట్టిన ప్రాంతం పేరును చట్టంతో కాపాడే ఏఓసీ గుర్తింపు వచ్చింది. ఆ పుల్ల ఇప్పుడు గుర్తింపు కార్డు కూడా. దాని మీద చీజ్ పేరు, చేసినవాళ్ల సంకేతం లేజరుతో చెక్కి ఉంటాయి. దొంగ సాంత్ మోర్‌లో పుల్ల ఉండొచ్చు, రాత ఉండదు.

మిగిలిన పని నేలమాళిగది. ముందు ఒకటి రెండు రోజులు గాలి ఆడే గదిలో ఆరబెట్టి, తర్వాత 10 నుంచి 12 డిగ్రీల చల్లటి, తేమ గదికి మారుస్తారు. పైన మొదట ఈస్టులు చేరి పులుపును తింటాయి. నాలుగైదు రోజులకు జియోట్రైకమ్ అనే తెల్లటి పొర ముడతలు ముడతలుగా కడుతుంది. పది రోజులు దాటాక నీలి పెనిసిలియం చుక్కలు. బయట నుంచి లోపలికి చీజ్ మెత్తబడటం ఈ పొరల పనే. కోసి చూస్తే తోలు కిందే వెన్నలా కారే గీత ఒకటి, మధ్యలో ఇంకా పాలపులుపుగా, పొడిగా ఉన్న భాగం ఒకటి కనిపిస్తాయి. ఆరబెట్టడంలో ఒక పూట తొందర చేసి తడి తడిగా మాళిగకు పంపితే నల్లటి పొడుగు వెంట్రుకల బూజు పడుతుంది. దాన్ని ఫ్రెంచి వాళ్లు పిల్లి బొచ్చు అంటారు. చీజ్ చేదెక్కుతుంది, గదంతా కడుక్కోవాలి. జియోట్రైకమ్ మితిమీరి పెరిగితే తోలు కప్ప చర్మంలా ముడుచుకుని చీజ్ నుంచి ఊడొస్తుంది. ఈ జబ్బులన్నిటికీ మందు గాలి, తేమ, ఉప్పు సర్దుకోవడమే. ఏ పుస్తకమూ ఒక గదికి సరిపడే అంకె చెప్పలేదు. గోడ ఏ రాయిదో, కిటికీ ఏ దిక్కుదో దాన్నిబట్టి ప్రతి మాళిగా వేరు.

సాంత్ మోర్‌ను రెన్నెట్ వేసిన రోజు నుంచి పది రోజులు నిండకుండా అమ్మకూడదు. షవిన్యోల్‌కూ కనీస గడువు పది రోజులే, బరువు 60 గ్రాములకు తగ్గకూడదు. అక్కడి నుంచి తినేవాళ్ల ఇష్టం. రెండు వారాల ముద్ద మెత్తగా, పాలవాసనతో ఉంటుంది. నెల దాటింది గట్టిగా, నీలంగా, గింజల రుచితో ఉంటుంది. ఇంకా ముదరనిచ్చి కుండలో మూతపెట్టి మగ్గబెట్టిన రకాన్ని షవిన్యోల్ ముసలివాళ్లు మాత్రమే పూర్తిగా మెచ్చుకుంటారు. ఒకే చీజ్ వయసును బట్టి నాలుగు చీజ్‌లుగా అమ్ముడుపోవడం చిన్న రైతుకు అనుకూలం. ఈ వారం అమ్ముడు కానిది చెడిపోయినట్టు కాదు, వచ్చేవారం వేరే ధరకు వేరే మనిషి కొంటాడు.

పనిలో ఎంత బరువుందో ఒక లెక్కతో తెలుస్తుంది. యాభై మేకలు రోజుకు మూడు లీటర్లు ఇస్తే 150 లీటర్లు. అంటే 75 సాంత్ మోర్ ముక్కలు. ఒక్కోదాన్ని అచ్చు నింపేటప్పుడు పలుమార్లు గరిటెతో తాకాలి, విప్పాలి, ఉప్పు చల్లాలి. పది రోజుల గడువంటే మాళిగలో ఎప్పుడూ 750 ముక్కలు ఉంటాయి, ప్రతిదాన్నీ తరచు తిప్పి పెట్టాలి. పొద్దున పాలు, సాయంత్రం పాలు, మేత, అచ్చులు కడగడం, సంతరోజు. ఇద్దరు మనుషులకు ఇంతకు మించి పని పట్టదు. ఎక్కువ కావాలంటే కూలీలను పెట్టుకోవాలి, లేదా పాలను డెయిరీకి పోయాలి, లేదా వడగట్టిన గడ్డను ఫ్రీజరులో పెట్టి శీతకాలానికి దాచాలి. ఈ చివరిది చాలాచోట్ల చేస్తారు. రుచి మరీ చెడదు గానీ, కరిగించాక ముద్ద ఇసుక ఇసుకగా తగులుతుందని నాలుక గలవాళ్లు ఫిర్యాదు చేస్తారు. చాలా ఏఓసీల నిబంధనలు దాన్ని ఒప్పుకోవు.

పచ్చిపాలు అన్నది ఈ పనిలో ఎప్పుడూ తెగని వాదం. సాంత్ మోర్, వలాన్సే వంటివాటిని నిబంధనల ప్రకారం పచ్చిపాలతోనే చేయాలి. పాలలోని స్థానిక సూక్ష్మజీవులే వాటి రుచి. వాటితోపాటు వేరేవీ రావచ్చు. మధ్యధరాలోని మాల్టా దీవిలో బ్రిటిష్ సైనికులను ఏళ్ల తరబడి పీడించిన జ్వరానికి కారణమైన సూక్ష్మజీవిని 1887లో సైనిక వైద్యుడు డేవిడ్ బ్రూస్ కనిపెట్టాడు. అది ఎక్కడి నుంచి వస్తోందో తేలడానికి మరో 18 ఏళ్లు పట్టింది. 1905లో మాల్టా వైద్యుడు తెమిస్టొక్లీస్ జమ్మిత్ అది చూడటానికి ఆరోగ్యంగా ఉన్న మేకల నుంచి వస్తోందని తేల్చాడు. మరుసటి ఏడు సైనికులకు మేకపాలు ఆపగానే జ్వరాలు పడిపోయాయి. ఆ రోగమే బ్రుసెల్లోసిస్. అందుకే ఐరోపాలో పచ్చిపాల చీజ్ చేయాలంటే మందకు పరీక్షలు తప్పవు, లిస్టీరియా అనే మరో సూక్ష్మజీవి కోసం చీజ్‌కూ పరీక్షలు తప్పవు. అమెరికా ఇంకో దారి పట్టింది. పచ్చిపాల చీజ్ అక్కడ అమ్మాలంటే 60 రోజులు మగ్గి ఉండాలి. గట్టి చీజ్‌లకు ఇది ఇబ్బంది లేదు. పది రోజులకు తినాల్సిన మెత్తటి మేక చీజ్‌కు మాత్రం ఇది నిషేధంతో సమానం. కాబట్టి అక్కడ చీజ్ చేసేవాళ్లు పాలను పాశ్చరైజ్ చేసి, సూక్ష్మజీవులను పొట్లాల్లో కొని మళ్లీ కలుపుతారు.

పట్నాల నుంచి ఈ పనిలోకి కొత్త మనుషులు వచ్చింది 1968 తర్వాత. పారిస్ వీధుల్లో తిరుగుబాటు చల్లారాక చదువుకున్న యువకులు ఆర్దెష్, సెవెన్, ద్రోమ్ కొండల్లో పాడుబడ్డ ఇళ్లు కొని మేకల్ని తెచ్చుకున్నారు. ఊరి ముసలమ్మలు వాళ్లను చూసి నవ్వుకున్నారు, ఆ తర్వాత నేర్పారు. చాలామంది రెండు మూడు శీతకాలాలకే వెనక్కి వెళ్లారు. నిలిచినవాళ్లు ఒక రకంగా ఆ విద్యను బతికించారు. దక్షిణాది పికొదాన్‌కు 1983లో, పెలార్దాన్‌కు 2000లో ఏఓసీ రావడం వెనక వాళ్ల పట్టుదల ఉంది. అదే గాలి అట్లాంటిక్ దాటింది. కాలిఫోర్నియాలో మేకలు పెంచుతున్న లారా షెనెల్ 1979లో ఫ్రాన్స్ వెళ్లి నేర్చుకుని వచ్చింది. బర్కిలీలో షే పనీస్ హోటల్ నడిపే ఆలిస్ వాటర్స్ ఆమె చీజ్‌ను సలాడ్ మీద పెట్టాక అమెరికన్లకు ఆ రుచి అలవాటైంది. లారా 2006లో తన కంపెనీని అమ్మేసింది. కొన్నది రియాన్స్ అనే ఫ్రెంచి సంస్థ.

లువార్ పద్ధతి అన్నిచోట్లా పారదు. రాత్రంతా పాలను 20 డిగ్రీల దగ్గర నిలపగల చల్లదనం దానికి కావాలి. ఎండలు మండే ప్రొవాన్స్‌లో ఆ వీలు లేదు. పాలు అలా వదిలేస్తే తెల్లారేసరికి పులిసి పాడవుతాయి. అందుకని బనాన్ ఊరి వైపు రైతులు పులుపును నమ్ముకోకుండా, పొదుగు వేడి తగ్గని పాలలో ఎక్కువ రెన్నెట్ వేసి, త్వరగా గడ్డ కట్టించి, కోసి అచ్చుల్లో పోస్తారు. కొద్దిరోజులకు, శరత్తులో ఏరి పెట్టుకున్న చెస్ట్‌నట్ ఆకులను మెత్తబరిచి, పులుపెక్కని ఆ తీపి చీజ్‌ను వాటిలో చుట్టి, రఫియా నారతో కట్టి, ఆకులోనే మగ్గనిస్తారు. ఆకు తేమను పట్టి ఉంచుతుంది, కొంచెం వగరునిస్తుంది. 2003లో ఏఓసీ వచ్చిన ఈ చీజ్ వేడి దేశాలకు మెరుగైన పాఠం.

తెలుగు నేలకు ఏదైనా వర్తిస్తే బనాన్ దారే వర్తిస్తుంది. మే నెలలో నలభై దాటే ఊళ్లలో గడ్డను రాత్రంతా 20 డిగ్రీల్లో నిలపడమంటే కరెంటుతో నిలపడమే. గంటలో కట్టే తీపి గడ్డ, మగ్గబెట్టకుండా రెండు మూడు రోజుల్లో తినేసే తాజా చీజ్, దానికి ముందు పాలు కాచడం, ఎందుకంటే బ్రుసెల్లోసిస్ ఇక్కడి మందల్లో ఉంది. ఇంతవరకు సాధ్యమే. ప్రపంచంలో అందరికంటే ఎక్కువ మేకపాలు పితికే దేశం భారతదేశమే. 2019 పశుగణనలో దేశంలో 14 కోట్ల 88 లక్షల మేకలు లెక్కకొచ్చాయి. తెలంగాణలో సుమారు 50 లక్షలు, ఆంధ్రప్రదేశ్‌లో 55 లక్షలు. కానీ ఈ రెండు రాష్ట్రాల్లో మేకపాలు అమ్మకానికి కనిపించేది తక్కువ. డెంగీ కాలంలో మాత్రం ప్లేట్‌లెట్లు పెరుగుతాయన్న నమ్మకంతో వెతుక్కుని కొంటారు. ఆ నమ్మకానికి వైద్యశాస్త్రంలో ఆధారం లేదు. మన మేక పిల్ల తాగగా అర లీటరు మిగిల్చితే ఇరవై మేకల నుంచి రోజుకు పది లీటర్లు, తాజా చీజ్ ఒకటి రెండు కిలోలు. నగరంలో ఆ చీజ్‌కు మంచి ధరే పలకవచ్చు. అయితే ఆ అర లీటరు పిల్ల నోట్లోంచి తీసిందే అయితే, సంతకు వెళ్లేనాటికి దాని బరువు తగ్గుతుంది. జీవాలు కాసేవాళ్లు ఇప్పటికి ఆ బరువు వైపే మొగ్గుతున్నారు.